కరవు కాలేయము, కలిమి కాలేయము



నేటి ప్రసంగవిషయము కాలేయమునకు క్రొవ్వు పట్టుట. గుంటూరు కొత్తపేటలోని వైద్యశాలల వెలుపలను, ఒంగోలు, నరసరావుపేట, చిలకలూరిపేట పట్టణములలోని పరీక్షాశాలల ముంగిటను, చేత స్కానింగు కాగితము పట్టుకొని నిలుచున్నవారిని మీరు చూచియే యుందురు. కడుపునొప్పి యనియో, మధుమేహమునకు పరీక్ష యనియో వెళ్ళినవారికి ఆ కాగితముమీద అనుకొనని మాట యొకటి కనబడును: ఫ్యాటీ లివర్, మొదటి తరగతి, లేదా రెండవ తరగతి. దానికి చికిత్స యేమని యడిగినచో ఒకరు బిళ్లలు చూపుదురు. ఒకరు పసరు నూరి యిత్తురు. మరియొకరు "అది అందరికిని ఉన్నదే, భయము లేదు" అందురు. ఇంటికి వచ్చిన పిమ్మట ఇరుగుపొరుగువారు వేరొక ప్రశ్న వేయుదురు: "ఎన్నాళ్ళ నుండి తాగుతున్నాడో?"

మద్యము ముట్టని రైతునకు, ఏకాదశి తప్పని యిల్లాలికి ఈ ప్రశ్న వ్యాధికంటె ఎక్కువ బాధ కలిగించును. ఈ నింద యెక్కడనుండి వచ్చినది, ఈ వ్యాధికి నిజమైన చికిత్స యేది, అది యెట్లు తెలియవచ్చినది అను మూడు సంగతులును ఒకే చరిత్రలో ముడివడి యున్నవి. ఆ చరిత్రను మీకు చెప్పుట నా యుద్దేశము.

కాలేయము కుడివైపున ప్రక్కటెముకల చాటున ఉండు పెద్దగ్రంథి. బరువు ఇంచుమించు ఒకటిన్నర కిలోగ్రాము. మన పూర్వులు దీనిని యకృత్తనిరి. తిన్న ఆహారపు సారము ప్రేవులనుండి మొట్టమొదట చేరునది దీనికే. పల్లెటూరి పోలిక చెప్పవలెనన్న, ఇది యింటి గాదె వంటిది. పంట వచ్చినపుడు నింపుకొనును. లేనపుడు తీసి యిచ్చును. ఈ గాదెలోని కణములలో నూటికి అయిదింటికి మించి క్రొవ్వు బిందువులు చేరియున్నచో క్రొవ్వు పట్టిన కాలేయ మని వైద్యులు పేరు పెట్టుదురు.

ఈ సంగతి వైద్యులకంటె ముందు వంటవాండ్రకు తెలిసెను. ప్రాచీన రోమను ప్రజలు బాతులకు అంజూరపుపండ్లను మేపి వాటి కాలేయమును క్రొవ్వబెట్టి విందులలో వడ్డించెడివారు. లాటిను భాషలో అంజూరమునకు గల ఫీకుస్ అను పేరునుండి ఆ వంటకమునకు ఫికాతుమ్ అను పేరు వచ్చెను. కాలక్రమమున ఆ వంటకపు పేరే అవయవమునకు పేరైపోయెను. ఇటలీవారి ఫెగాతో, ఫ్రెంచివారి ఫ్వా అను మాటలు దానినుండి పుట్టినవే. ఆ బాతులు మద్యము త్రాగలేదు. తీయని పండ్లు మితిమీరి తినెను, కదలక యుండెను. మన చరిత్రకంతకును సూత్రము వంటి యీ చిన్న విషయము రెండువేల యేండ్లకు పైగా వంటయింటిలోనే మిగిలిపోయినది.

మనదేశమున చరకసంహిత సూత్రస్థానములో అష్టౌనిందితీయ మను అధ్యాయము కలదు. నిందింపదగిన దేహములలో అతిస్థూలదేహమును చేర్చి, దానికి చికిత్స యందు చెప్పబడినది. కడుపు నింపవలెను గాని మేదస్సును పెంచరాదు అనునది అందలి మూలసూత్రము. యవలు, పెసలు, మజ్జిగ, త్రిఫలములు, వ్యాయామము, మితనిద్ర అనువానిని అది విధించినది. అయితే అది స్థూలదేహమును గూర్చి చెప్పినదే గాని, కాలేయమునందలి క్రొవ్వును గూర్చి చెప్పినది కాదు. కాలేయములోని క్రొవ్వును చూచుటకు సూక్ష్మదర్శిని కావలెను. అది పిమ్మటి కాలపు పరికరము. పూర్వులు చెప్పిన దానిని గౌరవింతము. వారు చెప్పని దానిని వారి నోట పెట్టవద్దు.

ఇక నింద పుట్టిన విధము. 1836వ సంవత్సరమున లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ క్రొవ్వు పట్టిన కాలేయమును వర్ణించుచు, దానిని మద్యపానముతో ముడిపెట్టెను. ఆయన చెప్పినది తప్పు కాదు. మద్యము కాలేయమునకు క్రొవ్వు పట్టించుట నిజము. కాని తరువాతి వైద్యులకు అదియొక అలవాటుగా మారెను. కాలేయమున క్రొవ్వు, వాపు, మచ్చలు కనబడినచో, రోగి యెన్ని ఒట్లు పెట్టుకొనినను, దాచుచున్నాడనియే తలచెడివారు.

ఈ యలవాటునకు ఎదురు నిలిచినది 1980లో అమెరికాలోని మేయో వైద్యాలయమునుండి వెలువడిన యొక వ్యాసము. యూర్గెన్ లుడ్విగ్ అను వ్యాధిశాస్త్రవేత్తయు, ఆయన సహచరులును 20 మంది రోగుల కాలేయపు ముక్కలను పరీక్షించిరి. చూచుటకు అవి త్రాగుబోతుల కాలేయములవలెనే యుండెను; కాని ఆ రోగులకు మద్యపానము లేదు. పెక్కుమంది స్థూలకాయులు, మధుమేహము కలవారును అందుండిరి. అంతవరకు పేరులేని యీ వ్యాధికి మద్యేతర క్రొవ్వు కాలేయశోథ అను అర్థము వచ్చు పేరును వారు పెట్టిరి. అడిసన్‌నుండి లుడ్విగ్‌వరకు 144 ఏండ్లు. అన్ని యేండ్లు ఎందరు నిర్దోషులు వైద్యుని గదిలో తలవంచుకొని నిలిచిరో యెవరు లెక్కింపగలరు? 2023లో వివిధదేశముల కాలేయవైద్య సంఘములు చేరి, పేరులోని మద్యపు ప్రస్తావనను తొలగించి, జీవక్రియాదోషము వలన కలిగిన క్రొవ్వు కాలేయవ్యాధి యని క్రొత్తపేరు నిర్ణయించినవి. ఇరుగుపొరుగువారి ప్రశ్నకు శాస్త్ర మిచ్చిన యుత్తర మిదియే.

ఇప్పుడు మన సీమకు వత్తము. నేను ఈ నల్లరేగడి నేలకు చెందినవాడను గనుక, ఇచ్చటి చరిత్రను విడిచి యీ వ్యాధిని తలచుట నాకు సాధ్యము కాదు. 1832, 33 సంవత్సరములలో గుంటూరు మండలమును క్షామము పట్టి పీడించెను. నందననామ సంవత్సరపు ఆ కరవును మనవారు డొక్కల కరవనిరి. డొక్క లనగా ప్రక్కటెముకలు. ఆ పేరులోనే నాటి దేహముల చిత్ర మున్నది. మండలపు జనములో మూడవవంతునకు తక్కువ కాకుండ నశించిరని చరిత్రకారుల యంచనా.

డొక్కలు తేలిన దేహమున కాలేయమునకు క్రొవ్వు పట్టునా? పట్టును. ఇది ఆశ్చర్యకరమైనను సత్యము. ఇన్సులిన్ కనుగొన్నవారిలో నొకడైన చార్లెస్ బెస్ట్ కెనడాలోని టొరంటోనగరమున కుక్కలపై పరీక్షలు చేయుచుండెను. క్లోమము తీసివేయబడి, ఇన్సులిన్‌తో బ్రతుకుచున్న కుక్కల కాలేయములు క్రొవ్వుతో నిండుటయు, లెసిథిన్ అను పదార్థమును మేపగా ఆ క్రొవ్వు తగ్గుటయు ఆయన బృందము గమనించెను. లెసిథిన్‌లోని కోలిన్ అను భాగమే దీనికి కారణమని 1932 ప్రాంతమున తేలెను. కాలేయము తనలోని క్రొవ్వును వెలుపలికి పంపుటకు కూడ కొన్ని పోషకములు కావలెనని దీనివలన తెలియవచ్చినది. ఆ దశాబ్దముననే సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు ఆఫ్రికాలోని గోల్డుకోస్టు దేశమున క్వాషియోర్కర్ అను శిశువ్యాధిని వర్ణించెను. మాంసకృత్తులు చాలక పిండిపదార్థముతోనే పెరిగిన బిడ్డలకు కాళ్లు వాచును, జుట్టు రంగు మారును, కాలేయము క్రొవ్వుతో నిండును. కూనూరులో స్థాపింపబడి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో డాక్టరు సి. గోపాలన్ మొదలగువారు మన బిడ్డలలోనూ ఈ వ్యాధిని శ్రద్ధగా పరిశోధించిరి. నాటి చికిత్స యేమి? వెన్న తీసిన పాలు, పప్పులు. ఒక్కమాటలో మంచి తిండి. మద్యముతో సంబంధములేని క్రొవ్వు కాలేయమునకు శాస్త్రజ్ఞులు కనుగొన్న తొలి చికిత్స ఆకలి తీర్చుటయే యని చెప్పవచ్చును.

డొక్కల కరవు పిమ్మట బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట కట్టిరి. 1855 నాటికి అది పూర్తియాయెను. డెల్టా గ్రామములలో వరి పండినది. మెట్టగ్రామములకు, పల్నాటికి మాత్రము నీరు రాలేదు. పల్నాటి సీమలో జొన్నకూడు తప్ప వేరన్నము దొరకదని శ్రీనాథుడు ఎకసక్కెమాడినట్లు చెప్పెడి చాటువులు మనకు తెలిసినవే. ఆ ఎకసక్కెము నాలుగైదు శతాబ్దములు చెల్లినది. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువయైన జవాహర్ కాలువ గుంటూరు, ప్రకాశము జిల్లాల మెట్టనేలలకు చేరెను. జొన్న, సజ్జ, కొఱ్ఱ, వరిగ పండిన చేలలో వరియు, ప్రత్తియు, మిరపయు లేచినవి. 1983లో కిలో రెండురూపాయల బియ్యము పథకము ప్రవేశపెట్టబడెను. అంతట పండుగనాడు మాత్రమే వరియన్నము చూచిన యింట మూడుపూటల తెల్లయన్నము ఉడికెను. దీనిని నేను తప్పుపట్టను. డొక్కల కరవు చూచిన నేలకు అన్నము వచ్చుట పుణ్యకార్యము. కాని అన్నముతోపాటు మరికొన్ని మార్పులును వచ్చినవి. దున్నుటకు ట్రాక్టరు, నీటికి మోటారు, పొలము వెళ్ళుటకు రెండుచక్రముల బండి, రోటికి బదులు మిక్సీ. శరీరశ్రమ తగ్గినది, పళ్లెములోని అన్నపు కుప్ప మాత్రము కూలిచేసిన నాటి కొలతనే నిలిచినది.

2005లో అమెరికాలో జరిగిన యొక పరిశోధన ఈ వ్యాధిగ్రస్తుల కాలేయములలోని క్రొవ్వు ఎక్కడనుండి వచ్చుచున్నదో లెక్కకట్టినది. నూటికి 59 పాళ్లు శరీరమున నిలువయున్న క్రొవ్వునుండియు, 26 పాళ్లు పిండిపదార్థములు, చక్కెరలనుండి కాలేయము తానే తయారుచేయుటవలనను, 15 పాళ్లు మాత్రమే తిన్న క్రొవ్వునుండియు వచ్చెను. నేయి మాని, వేపుడు మాని, అన్నము మాత్రము తగ్గింపక, దినమునకు మూడుమారులు తీయని టీ త్రాగువారికి వ్యాధి యేల తగ్గలేదో దీనివలన స్పష్టము. టీకి రెండేసి చెంచాల చక్కెర చొప్పున మూడు టీలకు దినమునకు 30 గ్రాములు. సంవత్సరమునకు దగ్గరదగ్గర 11 కిలోలు. చక్కెరబస్తాను ఒక్కమారుగా చూచినవాడు భయపడును. చెంచాలుగా చూచినవాడు భయపడడు.

బొజ్జ గలవారికే యిది వచ్చునని తలపవద్దు. పశ్చిమ బెంగాలులోని బీర్భూము జిల్లా పల్లెలలో జరిపి 2010లో ప్రకటించిన పరిశోధనలో నూటికి సుమారు 9 మందికి ఈ వ్యాధి కనబడినది. వారిలో నాలుగింట మూడువంతులమంది స్థూలకాయులు కారు. మనవారికి చేతులు, కాళ్లు సన్నముగా నుండి నడుముచుట్టును క్రొవ్వు చేరుట సామాన్యము. తల్లిదండ్రులనుండి వచ్చెడి గుణమును కలదు, పి.ఎన్.పి.ఎల్.ఏ.3 అను జన్యువునందలి భేదమొకటి దీనికి తోడ్పడునని 2008లో తెలియవచ్చినది. దేశమంతటి పరిశోధనలను చేర్చి 2022లో ప్రకటించిన సమీక్ష పెద్దవారిలో నూటికి సుమారు 38 మందికి ఇది కలదని చెప్పినది. "అందరికిని ఉన్నదే" అను మాట పుట్టిన దిందువలననే. అయితే అందరికిని ఉన్నంతమాత్రమున అపాయము లేదనుట తర్కము కాదు.

ఎక్కువమందికి క్రొవ్వు క్రొవ్వుగానే నిలుచును. కొందరికి కాలేయము వాచును. వాచిన చోట మచ్చలు గట్టును. మచ్చలు పెరిగి కాలేయము రాయివలె గట్టిపడుటయు, పుండు గడ్డయగుటయు కలదు. కనుక తెలిసికొనవలసినది క్రొవ్వు ఉన్నదా యని మాత్రమే కాదు. మచ్చ యున్నదా యని. డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి వైద్యము మొదలుపెట్టిన నాడు, కాలేయమును తెలిసికొనుటకు వైద్యునికి చేతివ్రేళ్లే ఆధారము. కుడి డొక్క క్రింద తడిమి చూడవలసినదే. ఇంచుమించు ఆ కాలముననే జర్మనీలో సూదితో కాలేయపు ముక్క తీయు పద్ధతి మొదలాయెను. 1958లో ఇటలీ వైద్యుడు మెంఘినీ ఆ పనిని క్షణకాలములో ముగించు సూదిని ప్రచారములోనికి తెచ్చెను. ఈ శతాబ్దపు తొలియేండ్లలో ఫ్రాన్సున, కాలేయపు గట్టిదనమును నొప్పిలేకుండ కొలుచు ఫైబ్రోస్కాన్ యంత్రము వచ్చెను. 2006 నుండి ఇంకను సులభమైన లెక్క యొకటి కలదు. రోగి వయస్సు, రక్తములోని రెండు కాలేయపు ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్య అను నాలుగంకెలతో వేయు దానిని ఫిబ్-4 అందురు. ఆ లెక్క 1.3 కంటె తక్కువ వచ్చినచో సామాన్యముగా గట్టిమచ్చలు లేవని యర్థము. ఎక్కువ వచ్చినచో తరువాతి పరీక్షకు పోవలెను. అరువదియైదేండ్లు దాటినవారికి ఈ హద్దు 2. స్కానింగు కాగితము పట్టుకొని మందులయంగడికి పోవుటకు ముందు, "నా ఫిబ్-4 ఎంత?" అని వైద్యుని అడుగుట మేలు.

ఇక చికిత్స. 2015లో క్యూబాదేశపు వైద్యులు 293 మంది రోగులకు ఒక సంవత్సరము ఆహారనియమము, నడక అలవరచి, మొదటను చివరను కాలేయపు ముక్కలు పరీక్షించిరి. శరీరపు బరువులో నూటికి 10 పాళ్లు తగ్గినవారిలో 90 శాతమునకు వాపు పోయెను. 45 శాతమునకు మచ్చలు సైతము వెనుకకు తగ్గెను. ఎనుబది కిలోల మనిషికి పదిపాళ్లనగా ఎనిమిది కిలోలు. అయిదుపాళ్లు తగ్గినను క్రొవ్వు తగ్గుట కలదు. ఇంతకు మించిన ఫలితము నేటివరకు ఏ బిళ్లయు చూపలేదు. కాని అదే పరిశోధనలో పదిపాళ్లు తగ్గగలిగినవారు నూటికి పదిమందియే. మందు తెలిసినది, మ్రింగుట కష్టము. వైద్యులు మాత్రలకొరకు వెదకుట మానకుండుటకు కారణ మిదియే.

2010లో అమెరికాలో మధుమేహములేని 247 మందిపై జరిగిన పరీక్షలో విటమిన్ ఇ పుచ్చుకొన్నవారిలో 43 శాతమునకు, ఉత్తబిళ్ల పుచ్చుకొన్నవారిలో 19 శాతమునకు మేలు కనబడెను. మధుమేహపు మందైన పయోగ్లిటజోన్ కూడ కొందరికి పనిచేసెను గాని అది బరువు పెంచును. అహమ్మదాబాదునందు తయారైన సరోగ్లిటజార్ అను మందునకు 2020లో మనదేశపు ప్రభుత్వము ఈ వ్యాధియందు వాడుట కనుమతి యిచ్చెను. 2024 మార్చిలో అమెరికాప్రభుత్వము రెస్మెటిరోమ్ అను మందును, 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్ అను సూదిమందును, మచ్చలుపడి యింకను గట్టిపడని కాలేయములకు అంగీకరించినది. రెస్మెటిరోమ్ పరీక్షలో నూటికి 26 నుండి 30 మందికి వాపు తగ్గెను. ఉత్తబిళ్లతో 10 మందికి. ఇవి మేలైన మార్గములే; అయినను తిండి, నడకలకు తోడుగా వాడవలసినవి గాని బదులుగా కాదు. వైద్యుని యాలోచన లేక విటమిన్ ఇ మొదలుగా ఏదియు ఏండ్లతరబడి వాడరాదు. మిక్కిలి స్థూలకాయులకు ఉదరశస్త్రచికిత్స కలదు. కాలేయము పూర్తిగా చెడినవారికి మార్పిడి కలదు. 1963లో అమెరికాలో థామస్ స్టార్జల్ తొలుత ప్రయత్నించి, 1967లో జయము పొందిన శస్త్రవిద్య యది.

పసరుల మాట. నేలయుసిరిని కామెర్లకు వాడుట మన యాచారము. 1988లో మద్రాసు వైద్యులొకరు నోబెల్ బహుమానగ్రహీతయైన బ్లంబర్గుతో చేరి దానిని హెపటైటిస్-బి విషయమున పరీక్షించి ఆశాజనకమైన ఫలితము ప్రకటించిరి. తరువాతి పరీక్షలలో ఆ ఫలితము నిలువలేదు. క్రొవ్వు కాలేయము తగ్గించునని దానికి రుజువు లేదు. తిప్పతీగ వాడినవారిలో కొందరికి కాలేయము దెబ్బతినుటను ముంబయి వైద్యులు 2021లో ప్రకటించిరి. ఆకు అనిన నిరపాయ మను నమ్మకము మంచిది కాదు.

కారము కాలేయమును కాల్చునని యొక మాట మన సీమలో వినబడును. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలతో వచ్చిన మిరపకాయ మన పొలముల కింత సంపద తెచ్చినది. దానిపై ఈ నేరము మోపుటకు ఆధారము లేదు. నేరము పచ్చడిలోని కారముది కాదు. ఆ పచ్చడి తోడుగా దిగెడి మూడవమారు అన్నముదియు, దానిపై పోసిన నూనెదియు. అయితే ఒక జాగ్రత్త కలదు. కళ్ళములో తడిసిన మిరపకాయలకును, వేరుసెనగకును పట్టెడి బూజులో అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. 1960లో ఇంగ్లండున లక్షకుపైగా టర్కీకోళ్లు బూజుపట్టిన వేరుసెనగపిండి తిని చచ్చుటచేత ఈ విషము బయటపడినది. అది కాలేయమునకు మరియొక శత్రువు. అమ్మకమునకు పనికిరాని తాలుకాయను ఇంటివాడుకకు ఉంచుకొనుట మనవారి పొదుపు. బూజు తగిలినదానిని పారవేయుట అంతకు మించిన పొదుపు.

జొన్నరొట్టెకు, కొఱ్ఱన్నమునకు తిరిగి పోవలెనా? పోయిన మంచిదే, అందలి పీచు ఆకలిని నిలుపును. కాని జొన్న మంత్రము కాదు. అయిదు రొట్టెలు తిని కూర్చున్నచో జొన్నయు క్రొవ్వే యగును. పళ్లెములో సగము కూర, ఆకుకూర. పావు పప్పో గ్రుడ్డో చేపయో. మిగిలిన పావు అన్నమో రొట్టెయో. తీపి పానీయములు మానుట. దినమునకు అరగంటకు తగ్గని చురుకైన నడక. వారమునకు అరకిలోనుండి కిలోవరకు తగ్గుట చాలును. పస్తులుండి వడిగా తగ్గుట కాలేయమునకే చేటు. డొక్కల కరవు నేర్పిన పాఠమును మరువవద్దు: లేమియు కాలేయమును క్రొవ్వబెట్టును. మద్య మలవాటున్నవారు దానిని మానవలెను. నింద పోయినదని మద్యమునకు అనుమతి వచ్చినట్లు కాదు.

2021 ఫిబ్రవరిలో భారతప్రభుత్వము ఈ వ్యాధిని మధుమేహము, గుండెజబ్బులతో పాటు జాతీయ నివారణ కార్యక్రమమున చేర్చినది. అది యుక్తమే, ఏలయన ఈ వ్యాధిగ్రస్తులలో ఎక్కువమంది ప్రాణము తీయునది కాలేయము కాదు, గుండె. ఇంటింటను నడుముకొలత తీయుటకు ఆశా కార్యకర్త వచ్చినపుడు ఆడువారు సిగ్గుపడి తప్పించుకొనవద్దు. ప్రత్తితీతకు, మిరపకోతకు వంగి పనిచేసిన నడుము అది; దానిని కొలిపించుకొనుటలో చిన్నతనము లేదు.

ఈ సీమలో నా తాతలతరము అన్నము లేక భయపడినది. మన తరము అన్నమునకు భయపడ నక్కరలేదు. దాని కొలత తెలిసికొన్న చాలును. పొలము వెళ్ళువారు రేపు ఉదయమున బండిని ఇంట విడిచి, కాలినడకను వెళ్ళి చూడుడు.